గోదావరి డెల్టాలో పరసంస్కృతి క్రైస్తవ సేవ

పుట్టి పెరిగిన భాష, తిండి, కులం, ఆచారం దాటి వేరే జనం మధ్యకు వెళ్లి సువార్త పని చేయడాన్ని తెలుగు బైబిలు కళాశాలల్లో 'పరసంస్కృతి సేవ' అంటారు. పాస్టర్ల మాటల్లో అది 'క్రాస్ కల్చరల్ మినిస్ట్రీ'యే. గోదావరి డెల్టాలో ఈ పనికి సుమారు 190 ఏళ్ల చరిత్ర ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కిన రెండు కొత్త జంటలతో అది మొదలైంది. తర్వాత జర్మన్లు, డేన్లు, స్వీడన్ వాళ్లు, అమెరికన్లు, కెనడియన్లు, ఒక తమిళ బిషప్పు, ఒక పంజాబీ ప్రసంగీకుడు వచ్చారు. ఇప్పుడు ఆ కథ ఇంటిపనికి కువైట్ వెళ్లిన కోనసీమ ఆడవాళ్ల దగ్గరికి చేరింది. మిషను చరిత్రలు దీన్ని వచ్చినవాళ్లు నేర్పిన కథగా రాశాయి. వాళ్లు ఇక్కడ ఏం నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడుగుతూ చదివితే మరో కథ బయటపడుతుంది. ఆ గురువుల్లో చాలామంది పేర్లు ఏ సమాధి రాయి మీదా లేవు.

నేల, పేట

ఇక్కడ డెల్టా అంటే రాజమండ్రి దిగువన ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలిన చోటు నుంచి సముద్రం దాకా ఉన్న నేల. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది తూర్పు గోదావరి, కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో పరుచుకుని ఉంది. మొదటి మిషనరీలు దిగేనాటికి ఇది అన్నపూర్ణ కాదు. 1832-33 నాటి నందన కరువు జనం జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉంది. 1839లో తుపాను కోరంగి రేవును ముంచేసింది. కాలువల్లేవు, లాకుల్లేవు. వరదొస్తే మునక, రాకపోతే ఎండు.

ఊరి కట్టడి మాత్రం ఇప్పటిలాగే ఉండేది. గుడి, చెరువు, పెద్ద కులాల వీధులు ఒక వైపు. ఊరికి దూరంగా మాలపల్లె, ఇంకా అవతల మాదిగగూడెం. రెండు సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఊరికీ పేటకీ మధ్య బాట దాటడం ఎందుకంత పెద్ద విషయమో మొదట అర్థం కాదు. పేటలో కూర్చుని మంచినీళ్లు తాగినవాణ్ణి ఊళ్లో అరుగు ఎక్కనివ్వరు. ఊరి పెద్దల స్నేహం కావాలంటే పేటకి దూరంగా ఉండాలి. వచ్చిన ప్రతి మిషనూ ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. పక్కనున్న మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) వారి రాబర్ట్ నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి పెట్టి అగ్రకులాల పిల్లల ద్వారా పోదామనుకున్నారు. 1852లో అక్కడి విద్యార్థులు మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకోగానే ఊరు గుప్పుమంది, బడి సగం ఖాళీ అయింది. గోదావరి వైపు వెళ్లినవాళ్లు ఎక్కువగా పేట దారి పట్టారు. ఆలోచించి పట్టారని చెప్పలేం. పిలిచింది పేటే.

బార్న్‌స్టేపుల్ నుంచి నరసాపురం

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఎగ్జిటర్‌లో మంచి రాబడి ఉన్న పళ్ల వైద్యుడు. అదంతా వదిలేసి బాగ్దాద్ వెళ్లి, అక్కడ ప్లేగు, వరద చూసి, 1831లో భార్యను పోగొట్టుకుని, 1833లో భారతదేశానికి వచ్చారు. మళ్లీ ఇంగ్లండు వెళ్లినప్పుడు డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ ప్రాంతపు బ్రదరెన్ విశ్వాసులైన విలియం బౌడెన్, జార్జి బీర్‌లను భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చారు. ఇద్దరూ చేతిపని చేసుకు బతికిన కుటుంబాల వాళ్లు, పట్టాలున్న పాదిరీలు కారు. నెలనెలా జీతం పంపే సంఘమూ వెనక లేదు. మద్రాసు నుంచి మచిలీపట్నం, అక్కడి నుంచి నరసాపురం, పాలకొల్లు. తర్వాత గోదావరి డెల్టా మిషను అన్న పేరు స్థిరపడింది.

వచ్చేముందు వీళ్లు ఏ శిక్షణా పొందలేదు. ఇప్పటి బైబిలు కళాశాల వాళ్లు వింటే ఉలిక్కిపడతారు. కానీ జీతం లేకపోవడమే వాళ్లకు బడి అయింది. బంగళా కట్టి, బంట్రోతుల్ని పెట్టి, గుర్రం మీద తిరిగే స్తోమత లేదు కాబట్టి సంతలో కూరగాయలు బేరమాడాలి, పడవవాడితో మాట్లాడాలి, జ్వరమొస్తే పక్కింటివాళ్ల కషాయమే తాగాలి. అయినా జనం వాళ్లను 'దొరగారు' అనే పిలిచారు. తెల్లతోలుకు ఆ పిలుపు వద్దన్నా అంటుకుంటుంది.

వాళ్లకు అసలు తలుపు తెరిచింది ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. వేల మంది కూలీలు, ముఖ్యంగా మాల, మాదిగ కుటుంబాలు, ఊరి కట్టడి నుంచి కొన్నాళ్లు బయటపడి ఇసుక తిన్నెల మీద గుడిసెలు వేసుకున్నారు. కాటన్ స్వయంగా దైవభక్తుడు, మిషనరీలంటే ఇష్టమున్నవాడు. బౌడెన్, బీర్ అక్కడికి వెళ్లి కూలీల మధ్య సువార్త చెప్పారు. సొంత ఊళ్లో మోతుబరి కళ్లెదుట చెవి ఒగ్గడానికి భయపడేవాడు ఇక్కడ కూర్చుని విన్నాడు. పని అయిపోయి ఊళ్లకు తిరిగి వెళ్లినవాళ్లతో పాటే ఆ మాటా వెళ్లింది. ఇలాంటిదే మరొకటి 1878లో ఒంగోలు వైపు జరిగింది. కరువు రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించారు. ఆ జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. తెలుగు నేల మీద క్రైస్తవ్యం పెరిగిన తీరు చూస్తే, ప్రసంగ వేదిక కంటే మట్టి తట్ట మోసిన చోటే మనుషులు ఒకరికొకరు తెలిశారనిపిస్తుంది.

బీర్ 1853లో చనిపోయారు. బౌడెన్ 1876 దాకా ఉన్నారు, అంటే నలభై ఏళ్లు. ఆ రెండు కుటుంబాల తర్వాతి తరం కూడా ఇక్కడే పనిచేసింది. ఇక్కడ పుట్టిన ఆ పిల్లలకు తెలుగు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

మున్షీ గారి తెలుగు, పేట తెలుగు

పరసంస్కృతి అనుభవంలో కష్టమైన భాగం భాష. 1830ల్లో వచ్చినవాడికి చేతికందే పుస్తకాల్లో ముఖ్యమైనది 1816లో అచ్చయిన ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణం. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 దాకా రాలేదు. పాఠం చెప్పేది మున్షీ. ఆయన చాలాసార్లు బ్రాహ్మణుడు, గ్రాంథికం తప్ప మరొకటి తెలుగే కాదనుకునేవాడు. కాబట్టి ఏడాది కష్టపడి నేర్చుకున్న దొరగారు పేటకు వెళ్లి నోరు విప్పితే అది పురాణం చదివినట్టుండేది. జనం చేతులు కట్టుకుని గౌరవంగా వినేవాళ్లు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తర్వాత ఆ దొరగారికి అసలు తెలుగు నేర్పింది పడవ సరంగు, వంటామె, బంగళా వాకిట్లో ఆడుకునే పిల్లలు. రాసే తెలుగుకూ మాట్లాడే తెలుగుకూ ఇంత ఎడమెందుకని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి గారిని అడిగి, ఆయన వ్యావహారిక ఉద్యమానికి ఒక నిప్పురవ్వ అందించిన వాడు కూడా ఇంగ్లీషువాడే, బడుల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్. మిషనరీలు ఆ ఎడంలో అప్పటికే ఎన్నో ఏళ్లుగా జారిపడుతూనే ఉన్నారు.

తెలుగులో రెండు 'మనం'లున్నాయి: వినేవాణ్ణి కలుపుకునేది 'మనం', వదిలేసేది 'మేము'. యూరపు భాషల వాళ్లకు ఈ తేడా కొత్త. ప్రసంగంలో జనంతో 'మనం పాపులం' అనాలి. 'మేము పాపులం' అంటే దొరలు మాత్రమే పాపులని అర్థం. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే అదే మాట తిరగబడుతుంది. దేవుడితో మాట్లాడుతూ 'మనల్ని క్షమించు' అంటే దేవుణ్ణి కూడా పాపుల జాబితాలో చేర్చినట్టే. అక్కడ 'మమ్మల్ని' అనాలి. ఒక్క నిమిషంలో, ఒకే పీఠం మీద, ముఖం జనం వైపు నుంచి దేవుడి వైపు తిరిగినప్పుడు సర్వనామం కూడా తిరగాలి. తెలుగు పిల్లవాడికి ఇది నాలుగేళ్లకే వస్తుంది. పెద్దయ్యాక నేర్చుకునేవాడికి పదేళ్లయినా తడబాటు పోదు.

'పాపం' ఇంకో చిక్కు. దైవశాస్త్రంలో అది దేవుడికి ఎదురుతిరగడం. వాడుకలో అది జాలి. 'మీరంతా పాపులు' అని గట్టిగా చెప్పి, మిషనరీ ఎండకు కందిన ముఖం తుడుచుకుంటుంటే, గుమ్మంలో కూర్చున్న ముసలమ్మ 'అయ్యో పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో' అంటుంది. ఆమె నోట అది కరుణ, అతని నోట అది నేరం. ఆత్మ, కృప, రక్షణ, మోక్షం, అవతారం: ప్రతి మాట వెనకా వెయ్యేళ్ల హిందూ అర్థం నిలబడి ఉంది. వాటిని వాడకుండా చెప్పలేరు, వాడితే అనుకున్నది చెప్పలేరు. తొలి అనువాదకులు, వాళ్ల పక్కన కూర్చున్న తెలుగు పండితులు, కొన్ని మాటలకు మెల్లగా కొత్త బరువు ఎక్కించారు. ఆ పని పూర్తయ్యేసరికి 'క్రైస్తవ తెలుగు' అని వేరే ఒకటి తయారైంది. ఇంట్లో 'ఆయ్, వత్తన్నానండీ' అనే కోనసీమ విశ్వాసి, ప్రార్థనకు లేవగానే 'దయచేయుము, వినుచున్నావు' అంటాడు. మున్షీ గారి గొంతు ఇంకా మందిరాల్లో వినిపిస్తూనే ఉంది.

మాట దాటితే ముట్టు, ఎంగిలి. ప్రభురాత్రి భోజనంలో ఒకే గిన్నెలోంచి అందరూ తాగడం పాశ్చాత్య సంఘాలకు ఐక్యతకు గుర్తు. తెలుగువాడి కంటికి మొదట కనిపించేది ఎంగిలి, ఆ వెంటనే ఎవడి తర్వాత ఎవడు తాగుతున్నాడన్న కులం లెక్క. చాలా సంఘాల్లో చిన్న చిన్న గ్లాసులు రావడానికి ఆరోగ్యం ఒక కారణమని చెప్పుకుంటారు. అది ఒక్కటే కారణం కాదు. ఇక చెప్పులు గుమ్మం బయట వదలడం, మగవాళ్లు ఒక వైపు ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద కూర్చోవడం, ప్రార్థనకు పైట తల మీదికి లాక్కోవడం: వీటిని ఏ సినోడూ తీర్మానించలేదు. మందిరం కట్టగానే అవే వచ్చి కూర్చున్నాయి.

రాజమండ్రి లూథరన్లు

డెల్టా ఎగువన కథ వేరు. జర్మనీలోని ఉత్తర జర్మన్ మిషను 1840ల మధ్యలో లూయీ వాలెట్‌ను రాజమండ్రికి పంపింది. సి.డబ్ల్యూ. గ్రోనింగ్, హైజె తర్వాత వచ్చారు. 1848 నాటి యూరపు అల్లర్లలో వాళ్ల డబ్బు ఆగిపోయింది; 1850-51లో ఈ పనిని అమెరికా లూథరన్లకు అప్పగించారు. అమెరికన్లది అప్పటికే గుంటూరు. అక్కడ 1842 జూలై 31న దిగినవాడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడెరిక్ హేయర్, తెలుగు లూథరన్లకు 'ఫాదర్ హేయర్'.

హేయర్ జీవితం చూస్తే ఈ అనుభవం ఎలా పోగవుతుందో తెలుస్తుంది. 1793లో జర్మనీలో పుట్టి, పద్నాలుగేళ్లకు అమెరికా చేరి, అక్కడి సరిహద్దు ఊళ్లలో ఏళ్లకొద్దీ గుర్రం మీద తిరిగిన పాదిరి ఆయన. గుంటూరు వచ్చేనాటికి దాదాపు యాభై ఏళ్లు. జనం వాక్యం కోసం కంటే ముందు కురుపుకు మందు కోసం వస్తున్నారని గమనించి, సెలవు మీద వెళ్లినప్పుడు బాల్టిమోరులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని 1847 తర్వాత తిరిగొచ్చారు. పల్నాడులో పనిచేసి వెళ్లిపోయారు. 1869లో రాజమండ్రి మిషను నడపలేక ఇంకొక సంఘానికి ఇచ్చేయబోతున్నారని తెలిసి, 76వ ఏట సభలో లేచి నిలబడి తానే వెళ్తానన్నారు. ఆ డిసెంబరుకు రాజమండ్రిలో ఉన్నారు. ఏడాదికి పైగా ఉండి, కొత్తవాళ్లకు పని అప్పగించి వెళ్లారు. ఆ కొత్తవాళ్లు హెచ్.సి. ష్మిట్, ఐవర్ పౌల్సెన్ ఇద్దరూ డేన్లు. 1879లో వచ్చిన ఏ.బి. కార్ల్‌సన్ స్వీడిష్ సంఘం మనిషి; మూడేళ్లకే చనిపోయారు.

కాబట్టి 'అమెరికన్ మిషను' అన్న ఆ బంగళాలో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇంగ్లీషే పరాయి భాష. మొదట ఒక జర్మన్ ముసలాయన, తర్వాత డేన్లు, ఆ తర్వాత స్వీడన్ వాడు ఇంగ్లీషులో లెక్కలు రాసి, తెలుగులో ప్రసంగించి, ఎవరి భాషలో వాళ్లు ఉత్తరాలు రాసుకున్నారు. తెలుగు పేటలతో కుదుర్చుకోవడానికి ముందు వాళ్లలో వాళ్లే కుదుర్చుకోవాల్సి వచ్చింది.

మిషన్లు డెల్టాను మాటల ఒప్పందాలతో పంచుకున్నాయి: రాజమండ్రి, భీమవరం, పెద్దాపురం లూథరన్లకు, నరసాపురం, పాలకొల్లు బ్రదరెన్‌కు, కాకినాడ, పిఠాపురం, రామచంద్రపురం కెనడా బాప్టిస్టులకు, ఏలూరు సి.ఎం.ఎస్.కు. పోటీ లేకుండా పోయింది గానీ, సిద్ధాంతం ఊరి సరిహద్దును బట్టి నిర్ణయమైంది. బాప్తిస్మం చిలకరింపా, ముంపా అన్నది కాలువకు ఏ గట్టున పుట్టావన్న దాన్ని బట్టి తేలింది. ఇప్పటికీ సంబంధాలు మాట్లాడేటప్పుడు 'మీది ఏ మిషనండీ?' అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు సిద్ధాంతమూ చెబుతుంది, ఊరూ చెబుతుంది, కొన్నిసార్లు కులమూ చెబుతుంది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడి గుంటూరు, రాజమండ్రి పనులు ఒకే కప్పు కిందికి వచ్చాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం పుట్టినా లూథరన్లూ బాప్టిస్టులూ అందులో కలవలేదు.

మిషను కాంపౌండు గురించి ఒక మాట. ఎత్తైన గోడ, మామిడి చెట్లు, బంగళా, బడి, హాస్టలు, ఆస్పత్రి. పేట నుంచి తరిమేసినవాడికి అది ఆశ్రయం. అదే కాంపౌండు దొరగారికీ పేటకూ మధ్య మరో ఊరు అయింది. బంగళా వరండా మెట్ల దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డ ఉపదేశికి, మోతుబరి అరుగు ముందు నిలబడడానికీ దీనికీ తేడా ఎంత కనిపించిందో రికార్డుల్లో లేదు. అడిగితే చెప్పేవాడేమో.

దొరసానులు, బైబిలు స్త్రీలు

పెద్ద కులాల ఇళ్ల లోపలికి మగ మిషనరీ ఎన్నటికీ వెళ్లలేకపోయాడు. ఆడవాళ్లు వెళ్లారు. వాళ్లతో పాటు, చాలాసార్లు వాళ్ల కంటే ముందు, 'బైబిలు స్త్రీలు' వెళ్లారు. తక్కువ జీతానికి, చేతిలో పుస్తకాల సంచితో, ఎండలో గొడుగు వేసుకుని తిరిగిన తెలుగు ఆడవాళ్లు వీళ్లు. ఎక్కువమంది వితంతువులు, పేట నుంచి వచ్చినవాళ్లు. దొరసాని గుమ్మంలో కుర్చీలో కూర్చుంటే, ఏ ఇంట్లో ఎంతవరకు అడుగు పెట్టాలో, ఏ వస్తువు ముట్టకూడదో, ఏ మాట దగ్గర ఆగిపోవాలో కళ్లతో చెప్పేది ఈమె.

వైద్యం ఇంకా లోపలికి తీసుకెళ్లింది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883 నుంచి చేసిన పని తర్వాత, రాజమండ్రిలో డాక్టర్ లిడియా వోర్నర్ లూథరన్ వైద్యసేవకు పునాది వేశారు. 1911లో అక్కడ ఆడవాళ్ల ఆస్పత్రి భవనం లేచింది. పురుడు ఆగిపోయిన ఇంట్లో కులం కొన్ని గంటలపాటు పక్కకు జరుగుతుంది. తల్లీబిడ్డా బాగుంటే, మళ్లీ వెనక్కి వచ్చి తన చోట కూర్చుంటుంది. గదిలో మైల కడిగేటప్పుడు డాక్టరమ్మ కూర్చున్న కుర్చీ కూడా కడిగించిన ఇళ్లున్నాయి. దానికి నొచ్చుకోకుండా మరుసటి రోజు మళ్లీ వెళ్లడమే ఆ డాక్టర్ల శిక్షణలో ఏ కళాశాలా చెప్పని పాఠం.

నరసాపురం లేసు ఇంకో రకం కథ. మిషను ఆడవాళ్లు 19వ శతాబ్దంలో పేట ఆడవాళ్లకు కుట్టు, అల్లిక నేర్పారు. అది ఇల్లిల్లూ పాకి, కులం దాటి కాపు ఇళ్ల దాకా వెళ్లి, ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో, ఇంట్లోంచి కదలకుండా ప్రపంచ సంతకు పనిచేస్తూ కూలిగా కూడా లెక్కకు రాని ఆ ఆడవాళ్ల గురించి రాశారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎవరి పనితనమో గుర్తించారు గానీ, రేటు గురించి ఎవరూ మాట్లాడలేదు.

దాటిన తెలుగువాళ్లు

కాకినాడ మిషను పుట్టుక కెనడా నుంచి కాదు, థామస్ గాబ్రియేల్ నుంచి. తంతి శాఖలో ఉద్యోగం ఉన్న ఈ తెలుగు క్రైస్తవుడు ఉద్యోగం వదిలి, 1870కి కాస్త ముందూ వెనకా, కాకినాడ చుట్టూ సొంతంగా సంఘాలు కట్టాడు. అప్పుల్లో కూరుకుపోయి కెనడా బాప్టిస్టులకు రాశాడు. అప్పటికే అమెరికన్లతో కలిసి తెలుగు నేల మీద పనిచేస్తున్న కెనడావాడు జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ వచ్చి ఆ పని చేపట్టారు. గాబ్రియేల్ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. అంటే కెనడావాళ్లు దిగేసరికి సంఘం, బోధకులు, భాష, దారులు సిద్ధంగా ఉన్నాయి. ఊళ్లో ఇప్పుడు పెద్దగా కనిపించేది మాత్రం మెక్‌లారిన్ హైస్కూలు బోర్డు.

ఎగువన పాపికొండల అవతల, దుమ్ముగూడెంలో, ఇంకా లోతైన దాటడం జరిగింది. ఎగువ గోదావరిలో పడవ రాకపోకల కోసం 1850ల చివర్లో, 60ల్లో పనులు నడిచాయి. అక్కడి ఇంజనీరు ఫ్రెడెరిక్ హెయిగ్ ప్రభావంతో క్రైస్తవుడైన ఐ. వెంకటరామరాజు ఉద్యోగం వదిలి కోయల మధ్య పనికి దిగారు. కోయ భాష తెలుగుకు చుట్టమే కానీ తెలుగు కాదు. కోయవాడికి మైదానం తెలుగు అంటే షావుకారు భాష, అప్పు పత్రం భాష. ఆ భాషలో నోరు తెరిచిన రాజు గారికి డెవన్ నుంచి వచ్చిన బౌడెన్‌కు ఎదురైన కష్టమే మరో రూపంలో ఎదురైంది, పైగా మన్యం జ్వరం. ఇంగ్లీషువాడైతే ఎక్కడివాడో తెలియదు, అపనమ్మకానికి చరిత్ర లేదు. తెలుగువాడి వెనక చరిత్రంతా ఉంది. 1870ల నుంచి దశాబ్దాల పాటు అక్కడే ఉన్న సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి ప్రాంతాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో రాసిన వ్యాసాలు కోయల ఆచారాల మీద ఇప్పటికీ పనికొచ్చే తొలి రాతలు. నేర్పడానికి వెళ్లినవాడు రాసుకుంటూ కూర్చున్న రోజులవి.

డెల్టా బయట నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లారు. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువాళ్ల మధ్య బాప్టిస్టు సంఘాలు కట్టారు. తెలుగు సంఘాల చందాలతో సముద్రం దాటిన తొలి తెలుగు మిషనరీగా ఆయన్ను చెబుతారు.

వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు

వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. 1912లో దోర్నకల్లు బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. తెలుగు పెద్దయ్యాకే నేర్చుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు త్యాగం చేశారు, దానం చేశారు, స్నేహం మాత్రం ఇవ్వలేదని మొహమాటం లేకుండా చెప్పినవాడు ఆయనే. ఆ మాట ఇంగ్లీషు దొరలకే కాదు, పేటల్లో అడుగుపెట్టే తమిళ బిషప్పుకూ వర్తిస్తుందని ఆయనకు తెలుసనడానికి గుర్తు 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్లు కతీడ్రలు. దాని స్తంభాలు గుడివి, గుమ్మటాలు మసీదువి.

భక్తసింగ్ పంజాబీ. సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో చదువుకుంటూ క్రైస్తవుడై, 1933లో తిరిగొచ్చారు. 2000లో చనిపోయేదాకా తెలుగులో ధారాళంగా ప్రసంగించలేదు; పక్కన తర్జుమా చేసేవాడు నిలబడేవాడు. అయినా ఆయన మొదలుపెట్టిన సహవాసాలు మిగతా రాష్ట్రాల కంటే తెలుగు నేల మీదే దట్టంగా పెరిగాయి. డెల్టాలో వాటిని ఎక్కువగా నిలబెట్టింది ప్రేమ విందు. కూటం అయ్యాక చాపలు పరిచి, అన్నం, పప్పుచారు వడ్డించి, పక్కవాడి కులం అడక్కుండా అందరూ వరసలో కూర్చుంటారు. వెనక పాత మిషను లేదు కాబట్టి పాత మిషను కుర్చీల్లేవు. నేల మీద కూర్చోవడం కొత్తగా ఎవరికీ నేర్పక్కర్లేదు.

ఇక బయటి నుంచి రాని మనిషి ఒకరు: రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టి, లూథర్‌గిరి వేదాంత పాఠశాలలో బోధించిన ముంగమూరి దేవదాసు గారు 1938లో లూథరన్ సంఘం విడిచి బైబిలు మిషను స్థాపించారు. డబ్బు గానీ, పద్ధతి గానీ విదేశం నుంచి తేలేదు. సన్నిధిలో కూర్చుని కనిపెట్టడం, స్వస్థత, కీర్తన. పేరు మాత్రం రెండు ఇంగ్లీషు మాటలు.

ఇప్పటి సంగతి

శీతాకాలంలో రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు కన్వెన్షన్లకు విదేశీ అతిథులు ఇంకా వస్తూనే ఉంటారు. అతిథి ఒక వాక్యం అంటాడు, తర్జుమా చేసే పాస్టరు గారు మూడు వాక్యాలు అంటారు. ఆ అదనపు రెండిటిలో అసలు పని జరుగుతుంది: మంచులా తెల్లన అన్నది మల్లెపువ్వులా అవుతుంది, ఫ్రిజ్‌లోని పాల సీసా పాడి గేదె అవుతుంది, అతిథి తెలియక అన్న మొరటు మాట గొంతు మారకుండానే మాయమవుతుంది. రెండు వారాలుండి 'పరసంస్కృతి అనుభవం' సంపాదించుకున్నానని అతిథి ఇంటికి వెళ్తాడు. ఆ అనుభవం నిజంగా ఉన్నది మైకు పక్కన నిలబడ్డ రెండో మనిషికి.

చట్టం కూడా మారింది. పర్యాటక వీసా మీద వచ్చి మత ప్రచారం చేయడం కుదరదు. మిషనరీ వీసా అని వేరే ఉంది. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, వచ్చింది మరో సంస్థకు పంచకూడదు. ఇక్కడికి వచ్చి నేర్చుకునేవాడు తెలుసుకోవాల్సిన మరో సంగతి: షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు కాగితం మీద ఎస్సీలు కారు, బీసీ-సి. అందుకే ఒకే మనిషికి బడి రికార్డులో ఒక పేరు, సంఘం రికార్డులో మరో పేరు ఉంటాయి. దీన్ని అబద్ధమని తొందరపడి అనేవాడికి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎవరైనా చదివి వినిపించాలి.

మరోవైపు ప్రవాహం తిరగబడింది. ఉభయ గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా కోనసీమ నుంచి, వేల మంది ఆడవాళ్లు గల్ఫుకు ఇంటిపనికి వెళ్లారు. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలతో పాటు తెలుగు సంఘమూ కూడుతుంది. అక్కడ వారాంతం శుక్రవారం కాబట్టి ఆదివారపు ఆరాధన శుక్రవారానికి మారింది. ఊళ్లో పేట దాటి ఊళ్లోకి అడుగు పెట్టడానికి సందేహించినవాళ్లు, అక్కడ అరబ్బు ఇంటి వంటగదిలో ఏ గిన్నె ఎవరిదో, ఎప్పుడు మాట్లాడాలో, రంజాన్ నెలలో పగటిపూట ఎవరికంటా పడకుండా ఎక్కడ మంచినీళ్లు తాగాలో ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు గారికి మొదటి వారం అరబ్బీలో 'ఎంత?', 'ఇటు', 'రేపు వస్తాను' అనే మాటలు నేర్పేది వాళ్లే. ఆయన నోట్‌బుక్కులో తెలుగు లిపిలో రాసుకుంటాడు. వాళ్లు పలుకు సరిచేస్తారు, నవ్వుతారు. శుక్రవారం సాయంకాలం యజమాని కారు గేటు దగ్గర ఆగేసరికి సంచులు సర్దుకుని లేస్తారు.